టొరంటోలో విద్యార్థికి గది: చూపవలసిన సొమ్ము పెరిగింది, గదులు పెరగలేదు

కెనడాలో చదువుకోదలచిన విదేశీ విద్యార్థి జీవన వ్యయానికి చూపవలసిన సొమ్మును ఆ దేశ ప్రభుత్వం 2024 జనవరి 1 నుంచి రెట్టింపు చేసింది. ఫీజులు, ప్రయాణ ఖర్చులు కాక అంతవరకు 10,000 కెనడియన్ డాలర్లు చూపితే సరిపోయేది. ఆ మొత్తం 20,635కు, 2025 సెప్టెంబరు నుంచి 22,895 డాలర్లకు చేరింది. దాదాపు రెండు దశాబ్దాలుగా కదలని అంకెను సవరించడం సబబే. అయితే కొత్త మొత్తాన్ని 12 నెలలకు పంచితే నెలకు సుమారు 1,900 డాలర్లు వస్తుంది. టొరంటోలో ఒక పడకగది ఫ్లాటు అద్దె ఒక్కటే 2,000 డాలర్లు దాటుతోంది. అంటే ప్రభుత్వం వేసిన లెక్క ప్రకారమే విద్యార్థి ఒంటరిగా ఇల్లు తీసుకోలేడు. గది పంచుకోక తప్పదు.

ఈ పరిస్థితి ఒక్కనాటిది కాదు. ఒంటారియో రాష్ట్రం 2019లో స్థానిక విద్యార్థుల ఫీజును 10 శాతం తగ్గించి, అక్కడే స్తంభింపజేసింది. ఆ లోటును కళాశాలలు విదేశీ విద్యార్థుల ఫీజులతో పూడ్చుకున్నాయి. 2023 చివరికి దేశంలో స్టడీ పర్మిట్ ఉన్నవారి సంఖ్య 10 లక్షలు దాటింది; వారిలో దాదాపు 40 శాతం భారతీయులు. సీట్లు పెంచిన వేగంతో హాస్టళ్లు కట్టిన కళాశాలలు అరుదు. గది వెతుక్కునే బాధ్యత, చివరికి ఇళ్ల కొరతకు కారకులన్న నింద, రెండూ విద్యార్థుల మీదే పడ్డాయి.

ఖాళీని పూరించినవి ఇళ్ల కింది బేస్‌మెంట్లు. టొరంటోను ఆనుకుని ఉన్న బ్రాంప్టన్‌లో పంజాబీ, గుజరాతీ, తెలుగు విద్యార్థులు ఎందరో ఇలాంటి గదుల్లోనే తొలి శీతాకాలం గడుపుతారు. వాటిలో కొన్నింటికి నగరపాలక సంస్థ అనుమతి ఉంటుంది, అనేకం అనుమతి లేనివే. మంటలు రేగితే బయటపడటానికి తగిన కిటికీ గానీ, రెండో దారి గానీ లేని గదులూ ఉన్నాయి. 2024లో బ్రాంప్టన్ కొన్ని వార్డుల్లో అద్దె ఇళ్లకు లైసెన్సు విధానం ప్రారంభించింది. అదే ఏడాది మార్చి 31 నుంచి టొరంటో గదులవారీగా అద్దెకిచ్చే ఇళ్లను నగరమంతటా చట్టబద్ధం చేసి, లైసెన్సు తప్పనిసరి చేసింది. ఉద్దేశం మంచిదే. కానీ తనిఖీలో గది మూతపడితే ముందుగా వీధిన పడేది అద్దెదారే. ఫిర్యాదు చేయడానికి విద్యార్థి జంకేది ఇందుకే.

చట్టం మాత్రం అద్దెదారు పక్షాన గట్టిగానే ఉంది. ఒంటారియో అద్దె చట్టం ప్రకారం యజమాని ఒక నెల అద్దెకు మించి డిపాజిట్ అడగరాదు. అదీ చివరి నెల అద్దెకే చెల్లు; గోడలు పాడయ్యాయనో, రంగులు వేయించాలనో అందులోంచి కోత పెట్టే వీలు లేదు. హైదరాబాద్‌లో ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో రంగుల ఖర్చు మినహాయించడం చూసి వచ్చినవారికి ఇది వింతగా తోచవచ్చు. ముందు తేదీలు వేసిన చెక్కులు తప్పనిసరిగా ఇవ్వాలని పట్టుబట్టడమూ నిషిద్ధమే. బేస్‌మెంట్‌కు అనుమతి లేకపోయినా అద్దెదారుకు ఈ రక్షణలు పోవు.

అయితే ఒక్క మినహాయింపు మొత్తం లెక్కను తారుమారు చేస్తుంది. వంటగదిని గానీ, స్నానాల గదిని గానీ అదే ఇంట్లో ఉండే యజమానితో గానీ, ఆయన దగ్గరి కుటుంబ సభ్యులతో గానీ పంచుకోవలసి ఉంటే ఈ చట్టం వర్తించదు. తెలిసినవారి ఇల్లు, కలిసి వండుకుందాం అన్న ఆత్మీయమైన ఏర్పాటే అద్దెదారును రక్షణ వలయం వెలుపల నిలబెడుతుంది. విమానం ఎక్కకముందే అడగవలసిన ప్రశ్నల్లో అద్దె ఎంత అన్నదానికంటే వంటగది ఎవరిది అన్నది ముఖ్యం.

చట్టం వర్తించినా న్యాయం త్వరగా దక్కుతుందన్న హామీ లేదు. అద్దె వివాదాలు విచారించే బోర్డులో జాప్యాన్ని ఒంటారియో అంబుడ్స్‌మన్ 2023 మేలో వెలువడిన నివేదికలో తీవ్రంగా తప్పుపట్టారు. ఏడాది కోర్సు చదివే విద్యార్థికి నెలల తరబడి నిరీక్షణ అంటే తీర్పు వచ్చేలోగా చదువే ముగుస్తుంది.

మోసగాళ్లకు ఈ అవకాశాలన్నీ తెలుసు. వాట్సాప్ బృందాల్లో గది ఫొటోలు పెట్టి, మనవాడే అన్న నమ్మకం మీద అడ్వాన్సు వేయించుకుని మాయమయ్యేవారున్నారు. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన విద్యారుణంలో అదొక భాగం. గదిని స్వయంగానో, అక్కడున్న పరిచయస్థుల ద్వారానో చూడనిదే సొమ్ము పంపకపోవడం, రాష్ట్ర ప్రభుత్వం నిర్దేశించిన నమూనా ఒప్పందం మీదే సంతకం చేయడం తప్ప దూరం నుంచి చేయగలిగింది తక్కువ. తొలి రెండు వారాలకు తాత్కాలిక బస చూసుకుని, శాశ్వత గదిని దిగాక వెతుక్కోవడం ఖర్చుతో కూడినదే అయినా ఆ పోయే సొమ్ముతో పోలిస్తే చవక.

2024 నుంచి స్టడీ పర్మిట్లపై విధించిన పరిమితితో ఇప్పుడు పరిస్థితి మారుతోంది. 2026లో కొత్తగా వచ్చే విద్యార్థుల లక్ష్యాన్ని కెనడా 1,55,000కు కుదించింది. 2025కు అది 3,05,900. టొరంటోలో కొత్త అద్దెలు ఇప్పటికే తగ్గుముఖం పట్టాయి. నిన్నటిదాకా ఒక్కో గదికి పోటీపడిన చోట యజమానులే అద్దెదారులకోసం ఎదురుచూస్తున్నారు. ఈ ఏడాది పర్మిట్ దక్కించుకున్న కొద్దిమందికి బేరమాడే వీలు దొరికింది. ఫీజుల ఆదాయం తగ్గిన కళాశాలలు మాత్రం కోర్సులను మూసివేస్తున్నాయి. అవి కొత్తగా హాస్టళ్లు కడతాయని ఆశించడానికి ఆధారాలు కనిపించడం లేదు.