లియరీ కథలో వదిలేసిన సగం

సంపాదకులకు,

గత సంచికలో అమెరికా మనస్తత్వవేత్త టిమోతీ లియరీపై వచ్చిన వ్యాసం ఆపకుండా చదివించింది. అయితే ఆయన్ను ప్రభుత్వం బలిచేసిన శాస్త్రవేత్తగా మాత్రమే చూపడం సబబు కాదు.

1960లో మెక్సికోలో భ్రాంతి కలిగించే పుట్టగొడుగులు రుచి చూసి వచ్చాక లియరీ హార్వర్డ్‌లో వాటిలో ఉండే సైలోసైబిన్ అనే మందుతో ప్రయోగాలు మొదలుపెట్టారు. కాంకర్డ్ జైలు ఖైదీలకు ఆ మందు ఇస్తే మళ్లీ నేరాలు చేయడం తగ్గిందన్న ఆయన మాటను వ్యాసకర్త యథాతథంగా నమ్మారు. 1998లో రిక్ డాబ్లిన్ పాత రికార్డులు తిరగేస్తే ఆ తగ్గుదల కనబడలేదు. డాబ్లిన్ ఈ మందులకు శత్రువేమీ కాదు. వాటిని వైద్యంలోకి తేవాలని దశాబ్దాలుగా పాటుపడుతున్న మనిషి.

లియరీకి ముందే, 1950లలో, కెనడాలో మనోవైద్యుడు హంఫ్రీ ఆస్మండ్ తాగుడుకు బానిసలైనవారికి ఎల్‌ఎస్‌డీ అనే మరో భ్రాంతి మందుతో చికిత్స ప్రయత్నించారు. ఆ పని ఆసుపత్రి గదుల్లో, వైద్యుల కళ్లెదుట జరిగింది. లియరీ దాన్ని వీధిలోకి తెచ్చారు. 1966లో అమెరికా సెనేట్ ముందు ఈ మందుల వాడకానికి లైసెన్సు పద్ధతి కావాలని ఆయనే అడిగారు. మరుసటి జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో సభలో చదువులూ కొలువులూ వదిలేయమని యువతకు పిలుపునిచ్చిందీ ఆయనే! 1970లో అమెరికా తెచ్చిన కఠిన మాదకద్రవ్యాల చట్టానికి ఆయనొక్కరే కారణం కాదు, నాటి అధ్యక్షుడు నిక్సన్ రాజకీయాలూ ఉన్నాయి. కానీ నిషేధం కోరేవారి చేతికి ఆయుధం అందించింది ఆయన ప్రచారమే. నష్టపోయింది పరిశోధన.

మన దేశంలో ఎల్‌ఎస్‌డీ, సైలోసైబిన్‌లు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉన్నాయి. కాలేజీ పిల్లలు కూడా చదివే పత్రిక ఆ ఒక్క వాక్యమైనా చేర్చాల్సింది.

– ఒక విశ్రాంత అధ్యాపకుడు, తెనాలి