బెట్టకు నిలిచేది చేను, ఒంటరి మొక్క కాదు

"రైతు మొండోడు. ఎంత దెబ్బ తగిలినా మళ్లీ నాగలి పడతడు." ఈ మాట సభల్లో, ఆఫీసుల్లో తరచూ వింటున్నాం. వినడానికి మెచ్చుకోలుగానే ఉంటుంది. పంట నష్టం అడగబోయిన రోజు కూడా ఇదే మాట ఎదురైతే మాత్రం అది తప్పించుకోవడమే. అందుకే గట్టితనం అంటే ఏమిటో మనమే తేల్చి చెప్పాలి. చెట్టుతో, గొడ్డుతో, మట్టితో బతికేది మనమే కాబట్టి.

జొన్నను చూడండి. బెట్ట వస్తే ఆకు చుట్టుకుంటుంది, ఎదుగుడు ఆపుకుంటుంది, వాన పడ్డంక మళ్లీ లేస్తుంది. ఇంతకంటే మొండి పంట చల్కల్లో లేదు. కానీ ఎండకు వాడిన లేత జొన్న నాము అవుతుంది. అది మేసిన గొడ్డు చస్తుంది. పత్తి కూడా అంతే. బెట్ట ముదిరితే చెట్టును కాపాడుకోవడానికి గూడ, పూత రాల్చుకుంటుంది. చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, కాయ ఉండదు. తట్టుకోవడం ఉత్తగ రాదు, దానికో ధర ఉంటుంది. మనిషి కూడా అట్లనే రాల్చుకుంటూ బతుకుతున్నాడు. ముందు ఎడ్లు పోతాయి, తర్వాత ఇంటామె మెడలో బంగారం, ఆ తర్వాత పిల్ల చదువు. బయటికి మాత్రం రైతు నిలబడ్డట్టే కనిపిస్తాడు.

పాత రోజుల్లో చల్క చేనులో జొన్నలో కంది, పెసర కలిపి వేసేవాళ్లం. ఒకటి పోతే ఒకటి చేతికొచ్చేది. ఆ గట్టితనం ఏ ఒక్క మొక్కదీ కాదు, మొత్తం చేనుది. ఆ చేనును చెరిపి పొలమంతా ఒకే పత్తి చేసినంక పురుగుకు పండుగైంది. 1997-98లో మన ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తి చేలల్లో లద్దె పురుగు విరుచుకుపడింది. ఎన్నిసార్లు కొట్టినా మందు పనిచేయలేదు. మందుకు పురుగు గట్టిపడింది, అప్పుకు మనిషి గట్టిపడలేడు. ఎందరో రైతులు ఆ మందే తాగి పోయారు. 2002లో బీటీ పత్తి వచ్చింది, 2006లో రెండు జన్యువుల బీటీ వచ్చింది. గులాబీరంగు పురుగు రెండింటినీ దాటేసింది. ఏటా కొనాల్సిన విత్తనం మాత్రం మన నెత్తిన మిగిలింది.

జీవాల సంగతీ అంతే. దక్కనీ నల్లగొర్రె ఈ నేలకు పుట్టింది. మైళ్లకు మైళ్లు నడుస్తుంది, మోడు మేసి బతుకుతుంది, గొంగడికి ఉన్ని ఇస్తుంది. 2017లో గొర్రెల పంపిణీ పథకం పెట్టి 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్‌గా ఇచ్చారు. వాటిలో బయటి రాష్ట్రాల నుంచి కొని తెచ్చినవి చాలా ఉన్నాయి. కొత్త నేలకు, కొత్త మేతకు అలవాటు పడక చచ్చినవీ ఉన్నాయి. గొర్రె తలలు లెక్కపెట్టినోళ్లు దాని వెనక ఉండాల్సిన గుట్ట, కుంట, మేత భూమి లెక్కపెట్టలేదు.

ఇక మనిషి. 2018 నుంచి రైతు బీమా ఉంది. పట్టాదారు చనిపోతే ఇంటికి 5 లక్షలు వస్తాయి. అది ఉండాల్సిందే, కాదనం. కానీ 2020లో రాష్ట్రం ప్రధానమంత్రి ఫసల్ బీమా నుంచి బయటికొచ్చింది. 2021లో మిర్చి మీద కొత్త తామర పురుగు పడ్డప్పుడు, 2023 జూలైలో మోరంచవాగు పొంగి మన పక్కనే మోరంచపల్లి మునిగినప్పుడు రైతు చేతిలో పంట బీమా కాగితం లేదు. అంటే పంట చస్తే బీమా లేదు, రైతు చస్తే ఉంది. ఇదేం లెక్క? కౌలు రైతుకైతే రెండూ లేవు. పాసుబుక్కు లేనోడికి రైతుబంధు రాలేదు, రైతు బీమా రాలేదు. అందరికంటే ఎక్కువ తట్టుకునేటోడికే అందరికంటే తక్కువ ఆసరా.

మన దగ్గరే జనగామ జిల్లాలో ఏనబావి ఉంది. రసాయన ఎరువులు, పురుగుమందులు మానేసిన ఊరని 2006లో ప్రకటించుకుంది. ఒక్క రైతు మానేస్తే పక్క చేను పురుగు వచ్చి పడేది. ఊరంతా ఒక్కమాట మీద ఉన్నారు కాబట్టి నిలబడ్డారు. గట్టితనం ఒక్కడి ఛాతీలో ఉండదు, పదిమంది కట్టులో ఉంటుంది.

కాబట్టి మా మాట ఇది. పంట బీమా ఊరు యూనిట్‌గా, ప్రీమియం సర్కారే కట్టి, అమలు చేయాలి. 2011 సాగుదారుల చట్టం ప్రకారం కౌలు రైతులందరికీ గుర్తింపు కార్డులు ఇవ్వాలి, సాయం కార్డు చూసి ఇవ్వాలి. దేశీ పత్తి, జొన్న, కంది విత్తనం వరంగల్ పరిశోధన స్థానం నుంచి ఊళ్లకు రావాలి, పండినదాన్ని మద్దతు ధరకు కొనాలి. మేత భూములు ఆక్రమణల నుంచి విడిపించాలి.

మన వంతు పనీ ఉంది. ఈ వానాకాలం ప్రతి ఊరిలో కౌలు రైతుల పేర్లు, ఎకరాలు రాసి జాబితా తయారు చేద్దాం. గ్రామసభలో పెట్టి తీర్మానం చేయిద్దాం. ఇకపై ఎవరైనా "రైతు మొండోడు" అంటే ఒక్కటే అడుగుదాం: అయ్యా, ఇంతకాలం మేం తట్టుకున్నం, ఇందులో మీ వంతెంత?