లేపనం చిక్కబడాలంటే ఏమి కలపాలి?

గత మాఘమాసంలో మా వీథిలోని ఒక గృహిణి తన భర్తను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చారు. నేను పదవీ విరమణ చేసి చాలా ఏళ్లయినా ఇరుగుపొరుగువారు చూపించుకోవటం మానలేదు, నేనూ చూడటం మానలేదు. ఆయనకు మధుమేహవ్యాధి ఉంది. కుడి మడమలో ఒక పగులు ఎర్రబడి, వాచి, చీము పట్టి ఉంది. ఏమి రాస్తున్నారని అడిగితే ఆమె సంచిలో నుంచి గాజుసీసా తీశారు. కలబంద గుజ్జు, కొబ్బరినూనె, గులాబీ నీరు కలిపి, చిక్కదనానికి మొక్కజొన్న పిండిని ఉడికించి చేర్చారట. చేసి నెల దాటింది. మూత తీయగానే తరవాణి కుండ వాసన వచ్చింది.

“ఇందులో రసాయనాలేమీ లేవండీ డాక్టరుగారూ” అన్నారామె.

ఆ చీముకు ఆ లేపనమే కారణమని నేను నిరూపించలేను. మధుమేహం ఉన్నవారి పాదాలకు కష్టం రావటానికి వేరే కారణాలు చాలా ఉంటాయి. కాని సూక్ష్మజీవులు పెరగటానికి అనువైన పదార్థాన్ని నెలరోజులపాటు తెరిచిన పగులులో రాశారన్నది నిజం. ఆయనను శస్త్రవైద్యుని వద్దకు పంపాను. గాయం పూర్తిగా మానేసరికి ఎండాకాలం వచ్చింది.

ఇంట్లో లేపనాలు చేసుకోవద్దని నేను చెప్పబోవటం లేదు. చిక్కబరచే పదార్థాన్ని ఎంచుకొనేటప్పుడు చాలామంది అది ఎంత నునుపుగా ఉంటుంది, ఎంత తెల్లగా కనిపిస్తుంది అని చూస్తారు. మీరు మొదట అడగవలసిన ప్రశ్న వేరు. అది నీటిని చిక్కబరుస్తుందా, నూనెను చిక్కబరుస్తుందా?

మొక్కజొన్న పిండి, సగ్గుబియ్యపు గంజి, అవిసె గింజల జిగురు, తుమ్మబంక, గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్, ఇవన్నీ నీటిని చిక్కబరుస్తాయి. జాంతన్ గమ్ కూడా ఈ కోవలోదే. క్యాబేజీకి నల్లకుళ్లు తెగులు తెచ్చే బాక్టీరియా నుంచి దానిని తయారు చేస్తారంటే మీకు వింతగా ఉండవచ్చు, అయినా అది హానికరం కాదు. ఈ పదార్థాలలో దోషం లేదు. దోషమల్లా వీటితో పాటు తప్పక వచ్చే నీటిలో ఉంది. ఉదయం వార్చిన గంజి మరునాటికి పులుస్తుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. పిండిపదార్థమూ, నీరూ, వెచ్చదనమూ ఉన్నచోట బాక్టీరియా, బూజు పెరగక మానవు. గంజి పులిస్తే తరవాణి అని తాగుతాము, అదే పని సీసాలో జరిగితే ముఖానికి రాసుకుంటాము! పైగా అన్నీ వాసనతో హెచ్చరించవు. చూడటానికి బాగున్న లోషనులో కూడా సూక్ష్మజీవులు లక్షల్లో ఉండవచ్చు.

విటమిన్ ఇ నూనె నాలుగు చుక్కలు వేస్తే నిలవ ఉంటుందని చెబుతారు. అది నూనె కనరెక్కటాన్ని ఆలస్యం చేస్తుంది గాని సూక్ష్మజీవులను ఆపదు. చిటికెడు పసుపు, వేపనూనె కూడా ఆ పనికి చాలవు. రిఫ్రిజిరేటరు పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, అంతే. దుకాణపు లోషనులలో ఫినాక్సీఇథనాల్ వంటి సంరక్షకాలను కలిపేది ఇందుకే. రసాయనం అనే మాట వినగానే భయపడటం ఈ కాలపు అలవాటు. ఆ భయం వల్ల సంరక్షకాన్ని తీసివేసి, నీటిని మాత్రం ఉంచుకుంటున్నాము. జిగురుతో చేసిన లేపనమే కావాలంటే ఒక పూటకు సరిపడా చేసుకొని, మిగిలినది పారవేయండి. పగుళ్ల మీద, పుండ్ల మీద, పసిబిడ్డల ఒంటి మీద మాత్రం అదీ వద్దు.

ఇక నూనెను చిక్కబరచేది మైనం. ఆయుర్వేదంలోని సిక్థ తైలం మైనమూ నూనే. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆసుపత్రి కాంపౌండర్లు తామరకు విట్‌ఫీల్డ్ లేపనాన్ని రోట్లో నూరి తయారు చేసేవారు. బెంజోయిక్ ఆమ్లం 6 పాళ్లు, సాలిసిలిక్ ఆమ్లం 3 పాళ్లు, మిగిలినది జిడ్డు. చుక్క నీరుండేది కాదు. మా మండుటెండలలోనూ అది బూజు పట్టగా నేను చూడలేదు.

చేసే పద్ధతి సులువే. తేనెతుట్టె మైనం ఒక పాలు, నువ్వులనూనె గాని కొబ్బరినూనె గాని అయిదు పాళ్లు తీసుకోండి. వేసవిలో నూనెను నాలుగు పాళ్లకు తగ్గించండి, లేకపోతే జారిపోతుంది. మైనం సుమారు 62–64 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. గిన్నెను నేరుగా మంటపై పెట్టక, వేడినీటి పాత్రలో ఉంచి కరిగించండి, మైనం అంటుకొనే పదార్థం. చల్లని స్టీలు పళ్లెం మీద ఒక చుక్క వేసి, పాకం చూసినట్లు వేలితో చూస్తే ఎంత గట్టిపడుతుందో తెలుస్తుంది. కొవ్వొత్తులను కరిగించి వాడవద్దు, వాటిలో ఎక్కువగా ఉండేది పారఫిన్, పైగా రంగులు, అత్తరులు కలుపుతారు. తేనె మైనం కూడా కొందరికి పడదు. ముంజేతి లోపలివైపు రెండు మూడు రోజులు రాసి చూడటం మంచిది.

మైనంలో నీరు కలిపి తెల్లని క్రీము చేయాలని కొందరికి కోరిక. మైనం ఒక్కటే నీటిని, నూనెను కలిపి ఉంచలేదు. అందుకై పూర్వం బోరాక్స్ కలిపేవారు, అది చితికిన చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది. ఇంటి వాడకానికి, అందునా పిల్లలున్న ఇంట్లో, నేను ససేమిరా ఒప్పుకోను. సున్నపు తేటను కొబ్బరినూనెతో గిలకొట్టి కాలిన చోట రాసే పాత వైద్యంలోనూ సున్నం, నూనె కలిసి సబ్బై చిక్కబడతాయి. అదీ మానండి. కాలిన వెంటనే చేయవలసింది 20 నిమిషాలు పారే చల్లని నీటి కింద ఉంచటం.

మైనపు లేపనం చర్మానికి కొత్తగా తేమను ఇవ్వదు, ఉన్న తేమను పోనివ్వదు. కనుక స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్న వెంటనే, చర్మం ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే రాసుకోవాలి. డబ్బాలోకి మాత్రం తడి వేలు పోకూడదు. ఆ గృహిణికి పొడి చెంచాతో తీయమని చెప్పాను. ఇప్పుడామె చిన్న డబ్బాలలో పోసి, మూత మీద తేదీ రాసి పెడుతున్నారు. మొన్న నాకూ ఒకటి ఇచ్చి వెళ్లారు.