ఆ నవ్వు ఎవరిది?

‘మకరేనా’ పాట మోగితే చాలు, చేతులు చాచి నడుం తిప్పని కుర్రకారు ఒకప్పుడు లేరంటే అతిశయోక్తి కాదు. 1996లో లోకాన్ని ఊపేసిన ఆ రీమిక్సులో ఓ అమ్మాయి పకపకా నవ్వుతుంది, గుర్తుందా? ఆ నవ్వు ఆ పాట కోసం నవ్వింది కాదు సుమా! అంతకు పద్నాలుగేళ్ళ ముందే ఇంగ్లండులో ‘సిట్యుయేషన్’ అనే పాటలో నవ్వినది. నవ్విన పిల్ల అలిసన్ మోయే. పాట ‘యాజూ’ అనే జంటది. ఆ జంట కాపురం గట్టిగా ఏడాదిన్నర!

1981 చివర్లో విన్స్ క్లార్క్‌కి ఇరవై ఒక్కేళ్ళు. ‘డిపేష్ మోడ్’ బృందానికి తొలి హిట్లు రాసిచ్చినవాడు. మొదటి ఎల్.పి. మార్మోగుతుండగానే బయటికొచ్చేశాడు. చేతిలో ‘ఓన్లీ యు’ పాట ఉంది, పాడే గొంతు లేదు. సరిగ్గా అప్పుడే అతని ఊరు బాసిల్డన్ పిల్లే అలిసన్, తనకు బ్లూస్ వాయించే బృందం కావాలని పత్రికలో ప్రకటన వేసింది. ఫోన్ చేసిందెవరయ్యా అంటే... సింథసైజర్ మీటలు నొక్కే విన్స్!

ఆమెది గుండెలోంచి పొంగుకొచ్చే గొంతు. ఇతనిది కరెంటు మీద నడిచే వాద్యం. పొంతనే లేదు. ఆ పొంతన లేకపోవడమే పండింది! 1982లో ‘ఓన్లీ యు’ బ్రిటన్ పట్టికలో 2వ స్థానం, వెనకే ‘డోన్ట్ గో’ 3వ స్థానం. మొదటి ఎల్.పి. ‘అప్‌స్టెయిర్స్ ఎట్ ఎరిక్స్’ 2వ స్థానం. ‘ఓన్లీ యు’ రికార్డుకు వెనకవైపు వేసిన ‘సిట్యుయేషన్’ అయితే అమెరికా డాన్సు పట్టికలో ఏకంగా మొదటి స్థానం!

మరి ఎక్కడ చెడింది? డబ్బు దగ్గర కాదు, ప్రేమ దగ్గర అంతకన్నా కాదు. ఇద్దరూ మనసు విప్పి మాట్లాడుకోలేదు, అంతే. స్నేహం కుదిరేలోపే విజయం వచ్చి మీద పడింది. అతను ముభావి, ఆమె బిడియస్తురాలు. ఎదుటివాడు పలకరిస్తాడేమోనని ఎవరికి వారు ఊరుకున్నారు. 1983లో రెండో ఎల్.పి. సిద్ధమైంది. పేరు ‘యు అండ్ మి బోత్’, అంటే నువ్వూ నేనూ ఇద్దరమూ అని. తీరా అది బజారుకొచ్చేసరికి ఆ ఇద్దరూ విడిపోయారు! అది మొదటి స్థానానికి ఎక్కితే కలిసి సంబరపడేందుకు జంటే లేదు. అదే ఏడు క్రిస్మస్‌కి ‘ఓన్లీ యు’ పాటను ‘ఫ్లయింగ్ పికెట్స్’ అనేవాళ్ళు వాద్యాలే లేకుండా పాడి మొదటి స్థానం కొట్టేశారు.

అలిసన్ 1984లో ‘ఆల్ఫ్’తో ఒంటరిగా నిలదొక్కుకుంది. విన్స్ ఈసారి తనే పత్రికలో ప్రకటన వేసి ఆండీ బెల్‌ను పట్టాడు. 1985లో మొదలైన ఆ ‘ఇరేజర్’ జంట దశాబ్దాలు నిలిచింది. అంటే కలిసి ఉండటం చేతకానివాడు కాదన్నమాట!

యాజూ రెండో ఎల్.పి. పాటలతో జంటగా ఊరూరా కచేరీలు చేసే యోగం 2008లో గాని పట్టలేదు. పాతికేళ్ళ ఆలస్యం! కొత్త రికార్డు మాత్రం రాలేదు.

కాలేజీల్లో జట్టు కట్టి పాటలు కడుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! శ్రుతి కలిసింది కదా అని ఊరుకోకండి. రిహార్సల్ అయ్యాక ఓ కప్పు టీ తాగుతూ కాసేపు మాట్లాడుకోండి. ఇరవై ఏళ్ళ వయసులో ఆ పాటి పలకరింపు లేకే అంత మంచి జంట రెండు ఎల్.పి.లతో ఆగిపోయింది.