అచ్చం నాలాగే ఉందే!

సినిమా చూడాలంటే టికెట్టు కొనాలి. ట్రైలర్‌కి అదీ అక్కర్లేదు. నిమిషమో రెండు నిమిషాలో చూస్తే చాలు... తీర్పు చెప్పేయొచ్చు. కొత్త సినిమా అయితే 'బాగుంది', 'బాగాలేదు' అనేసి ఊరుకుంటారు. అదే, చిన్నప్పుడు ప్రాణంగా చూసుకున్న సినిమాని మళ్లీ తీస్తున్నారంటే మాత్రం లెక్క మారిపోతుంది. అప్పుడు తీర్పు చెప్పేది పెద్దయిన ప్రేక్షకుడు కాదు, అతనిలో ఇంకా మిగిలి ఉన్న పదేళ్ల పిల్లాడు. 'మా సినిమాని ఏం చేశారు?' అని నిలదీస్తాడు.

2022 సెప్టెంబరు 9న అమెరికాలో జరిగింది సరిగ్గా అదే. కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో అభిమానుల కోసం ఏర్పాటుచేసిన వేడుకలో డిస్నీ సంస్థ 'ది లిటిల్ మెర్‌మెయిడ్' టీజర్‌ని బయటపెట్టింది. నీలి సముద్రం, చేపల గుంపులు, నీట మునిగిన ఓడ... అన్నీ చూపించి చివర్లో పాట పాడుతున్న సాగరకన్య ముఖాన్ని చూపించారు. ఆ ముఖం ఓ నల్లజాతి అమ్మాయిది. అంతే! అంతర్జాలం రెండుగా చీలిపోయింది. ఒకవైపు కోపంతో ఊగిపోతున్న పెద్దవాళ్లు. మరోవైపు నోట మాట రాక తెరకేసి చూస్తున్న చిన్నపిల్లలు.

ఎర్రజుట్టు అమ్మాయి

ఆ కోపం అర్థం కావాలంటే 1989కి వెళ్లాలి. రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్ దర్శకత్వంలో డిస్నీ తీసిన బొమ్మల చిత్రం 'ది లిటిల్ మెర్‌మెయిడ్' ఆ ఏడాది నవంబరులో విడుదలైంది. సముద్రం అడుగున అన్నీ ఉన్నా మనుషుల లోకం మీద మనసుపడ్డ ఏరియల్ కథ అది. తెల్లని మేని ఛాయ, ఎర్రని జుట్టు, ఆకుపచ్చని తోక. సంగీతానికి ఒకటి, పాటకి ఒకటి... రెండు ఆస్కార్లు గెలిచింది. అప్పటికి కొన్నేళ్లుగా వెలవెలబోతున్న డిస్నీ యానిమేషన్‌కి మళ్లీ ప్రాణంపోసిన సినిమాగా దానికి పేరుంది. వీడియో క్యాసెట్ అరిగిపోయేదాకా చూసిన తరం ఒకటుంది అక్కడ. మనదగ్గర 'మాయాబజార్'లో ఘటోత్కచుడు ఎలా ఉండాలో ఎవరికీ చెప్పక్కర్లేదు కదా... వాళ్లకి ఏరియల్ కూడా అంతే!

అందుకే 2019 జులైలో, పాతికేళ్లు కూడా నిండని గాయని హ్యాలీ బెయిలీని ఏరియల్‌గా ఎంచుకున్నామని ప్రకటించగానే గొడవ మొదలైంది. అక్క క్లోయితో కలిసి పాడే ఆ అమ్మాయిని గ్రామీ అవార్డుల వేదిక మీద విని, దర్శకుడు రాబ్ మార్షల్ ముచ్చటపడ్డాడు. అభిమానుల్లో కొందరు మాత్రం 'నాట్ మై ఏరియల్' అంటూ ప్రచారం మొదలుపెట్టారు. 'ఈమె మా ఏరియల్ కాదు' అని! విచిత్రం ఏమిటంటే, 1989లో ఆ పాత్రకి గొంతునిచ్చిన జోడీ బెన్సన్‌కే ఆ అభ్యంతరం లేకపోయింది. పాత్ర ఎలా కనిపిస్తుందన్నదానికన్నా దాని మనసుని ఎలా పలికించారన్నదే ముఖ్యమని అప్పుడే చెప్పిందామె.

సైన్సు కూడా వచ్చేసింది!

మూడేళ్ల తర్వాత టీజర్ రాగానే ఆ నిప్పు మళ్లీ రాజుకుంది. తొలి వారాంతంలోనే దాన్ని పది కోట్లసార్లకు పైగా చూశారని డిస్నీ లెక్క చెప్పింది. నచ్చలేదని మీట నొక్కినవాళ్లకీ కొదవలేదు. అయితే ఆ సంఖ్యని అందరికీ చూపించే పద్ధతిని యూట్యూబ్ 2021 నవంబరులోనే ఆపేసింది. దాంతో కోపమంతా వ్యాఖ్యల్లోకి మళ్లింది. ఒకతను కృత్రిమ మేధ సాయంతో హ్యాలీని తెల్లమ్మాయిగా మార్చి 'సరిచేశాం' అంటూ ట్విట్టర్లో పెట్టాడు. మరో వ్యాఖ్యాత ఏకంగా సైన్సునే రంగంలోకి దించాడు. సముద్రగర్భంలోకి ఎండ చొరబడదు కాబట్టి సాగరకన్య ఒళ్లు పాలిపోయి ఉండాలట! నడుము కింద చేప ఉంటే లేని ఇబ్బంది, నడుము పైన నలుపు ఉంటే వచ్చిందన్నమాట.

అలాగని నచ్చనివాళ్లందరినీ ఒకే గాటన కట్టేయలేం. సముద్రం మరీ చీకటిగా ఉందన్నవాళ్లున్నారు. రంగురంగుల బొమ్మల్లో ఉన్న అందం నిజం చేపల్లో ఎక్కడుంటుందన్నవాళ్లున్నారు. 'పాత కథల్నే ఎన్నిసార్లు అమ్ముతారు?' అని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. ఆ విసుగులో న్యాయం లేకపోలేదు. 'సిండ్రెల్లా', 'ది జంగిల్ బుక్', 'బ్యూటీ అండ్ ది బీస్ట్'... డిస్నీ పాత పెట్టెలన్నీ వరసగా తెరుస్తూనే ఉంది. 2019లో వచ్చిన 'అల్లాద్దీన్' తెలుగులో జీనీకి వెంకటేష్, అల్లాద్దీన్‌కి వరుణ్‌తేజ్ గొంతునిచ్చారు. అదే ఏడాది 'ది లయన్ కింగ్'లో సింబా మన నాని గొంతుతో మాట్లాడాడు. ఆ 'లయన్ కింగ్' టీజర్ వచ్చినప్పుడు ప్రతి దృశ్యమూ పాతదానిలాగే ఉందని అభిమానులు పొంగిపోయారు. తీరా సినిమా వచ్చాక, 'అంతా పాతదే అయితే మళ్లీ తీయడం ఎందుకు? నిజం సింహాల మొహాల్లో నవ్వేదీ, ఏడుపేదీ?' అన్నారు. ఉన్నదున్నట్టు తీస్తే ఎందుకు తీశారంటారు. మారిస్తే ఎందుకు మార్చారంటారు. జ్ఞాపకంతో పోటీపడి గెలిచిన సినిమా ఏదని!

బొమ్మ చెప్పిన నిజం

పెద్దవాళ్ల వాదన ఇలా సాగుతుండగానే కొందరు తల్లిదండ్రులు ఇంకో పని చేశారు. నల్లజాతి కుటుంబాల్లోని అమ్మలూ నాన్నలూ తమ చిన్నారుల్ని టీవీ ముందు కూర్చోబెట్టి, ఏమీ చెప్పకుండా టీజర్ పెట్టి, వాళ్ల మొహాల్ని ఫోన్లో చిత్రీకరించారు. ఏరియల్ ముఖం కనపడగానే ఆ పిల్లల కళ్లు పెద్దవయ్యాయి. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు నిజమేనా అన్నట్టు అమ్మవైపు తిరిగారు. ఒళ్లు నాలాగే ఉందని, నాలాగే ఉన్న అమ్మాయి సాగరకన్య అయిందని మురిసిపోయారు. ఆ వీడియోలన్నీ చూసి తనకి కన్నీళ్లు ఆగలేదని చెప్పింది హ్యాలీ. చిన్నప్పుడు తనకీ ఇలాంటి ఏరియల్ ఉండి ఉంటే తన గురించి తాను ఆలోచించే తీరే వేరుగా ఉండేదని కూడా అంది.

పిల్లల ముచ్చటే కదా అని తీసిపారేసే విషయం కాదిది. 1940ల్లో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల జంట ఓ ప్రయోగం చేసింది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు నల్లజాతి పిల్లల ముందు అన్నివిధాలా ఒకేలా ఉన్న బొమ్మల్ని పెట్టారు. తేడా రంగులోనే. మంచి బొమ్మ ఏదని అడిగితే ఎక్కువమంది తెల్లబొమ్మని చూపించారు. చెడ్డ బొమ్మ ఏదంటే నల్లదాన్ని చూపించారు. ఆఖరున 'వీటిలో నీలాంటి బొమ్మ ఏది?' అని అడిగితే కొందరు పిల్లలు ఏడ్చుకుంటూ గదిలోంచి వెళ్లిపోయారు. బళ్లలో తెల్లపిల్లల్నీ నల్లపిల్లల్నీ వేరుచేయడం చెల్లదంటూ 1954లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన చరిత్రాత్మక తీర్పులో ఈ పరిశోధన ప్రస్తావన ఉంది. 2023లో హ్యాలీ పోలికలతో ఏరియల్ బొమ్మ తయారైంది. ఆమె ముఖం మీద ఉన్న పుట్టుమచ్చతో సహా! దాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు హ్యాలీ ఎందుకు ఏడ్చిందో ఆ పాత ప్రయోగం తెలిస్తే అర్థమవుతుంది.

రంగు గొడవ మనకి కొత్తేం కాదు. 'నలుపు నారాయణుడు మెచ్చు' అని సామెత చెబుతాం. పెళ్లిచూపులకు వచ్చేసరికి 'పిల్ల కాస్త రంగు తక్కువ' అని నసుగుతాం. ముఖానికి రాసే క్రీము తన పేరులోంచి 'ఫెయిర్' అన్న మాటని తీసేయడానికి 2020 దాకా ఆగాల్సివచ్చింది మన దేశంలో.

ఇంతకీ అసలు కథ ఏది?

'అసలు కథని మార్చేశారు' అన్నది అభిమానుల ప్రధాన ఫిర్యాదు. మరి అసలు కథ ఏది? డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో ప్రచురించిన కథలో ఏరియల్ అన్న పేరే లేదు. అందులో సాగరకన్య కాళ్ల కోసం నాలుకనే కోయించుకుంటుంది. వేసే ప్రతి అడుగూ కత్తుల మీద నడిచినట్టుంటుంది. చివరికి రాజకుమారుడు మరో అమ్మాయిని పెళ్లాడతాడు. ఈమె నురగై కరిగి, గాలిలో కలిసిపోతుంది. 1989లో డిస్నీ ఆ విషాదాన్ని తుడిచేసి పెళ్లి జరిపించింది. ఎర్రజుట్టు సంగతీ అంతే. అంతకు అయిదేళ్ల ముందు వచ్చిన 'స్ప్లాష్' సినిమాలో సాగరకన్యకి బంగారు రంగు జుట్టు ఉండటంతో, తేడా తెలియాలని ఏరియల్‌కి ఎరుపు ఎంచుకున్నారు. మన 'సాహసవీరుడు సాగరకన్య'లో శిల్పాశెట్టిని చూసి 1996లో ఎవరూ 'జుట్టు ఎర్రగా లేదేం?' అని అడగలేదు. ఏ ఊరి సాగరకన్య ఆ ఊరి పిల్లలా ఉంటే వచ్చిన తప్పేముంది!

పూర్తి ట్రైలర్ 2023 మార్చి 12న ఆస్కార్ వేడుకలో విడుదలైంది. మనకి అప్పటికి 13వ తేదీ ఉదయం. అవును, 'నాటు నాటు' కోసం తెలుగు ఇళ్లలో పొద్దున్నే టీవీలు పెట్టుకుని కూర్చున్న రోజే! మన పాట, మన భాషలో, ఆ వేదిక మీద వినపడినప్పుడు గుండె ఉప్పొంగింది కదా... సోఫా మీది ఆ చిన్నారులకి కలిగిందీ దాదాపు అలాంటి సంబరమే.

సినిమా మే 26న వచ్చింది. ఓట్లు అసహజంగా పడుతున్నాయని గుర్తించిన ఐఎండీబీ రేటింగ్ లెక్కించే పద్ధతినే మార్చుకోవాల్సి వచ్చింది. అమెరికాలో దాదాపు 30 కోట్ల డాలర్లు వసూలు చేసింది. చైనాలో మాత్రం 40 లక్షల డాలర్లు కూడా రాలేదు. ప్రపంచం మొత్తం మీద సుమారు 57 కోట్లు. అద్భుత విజయమూ కాదు, ఘోర పరాజయమూ కాదు. సినిమా గొప్పదా, కాదా అన్న చర్చ ఇంకా చేసుకోవచ్చు. దానికి అందరికీ హక్కుంది.

కానీ పాత అభిమానుల దగ్గర్నుంచి ఎవరూ ఏమీ లాక్కోలేదు. 1989 ఏరియల్ ఎక్కడికీ పోలేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకుని చూడొచ్చు. మళ్లీ తీసిన సినిమా, ఒకప్పుడు పిల్లలుగా ఉన్నవాళ్ల కోసం కాదు... ఇప్పుడు పిల్లలుగా ఉన్నవాళ్ల కోసం. ఇంకో పాతికేళ్లకో ముప్ఫయ్యేళ్లకో ఈ కథని మళ్లీ ఎవరో తీస్తారు. ట్రైలర్ వదులుతారు. అప్పటికి పెద్దవాళ్లయిన ఈ చిన్నారులే దాన్ని చూసి మూతి ముడుస్తారు.

'అదేంటి... మా ఏరియల్ ఇలా ఉండదే!' అని.