అమ్మ ఫోనుకు ఏ ప్యాకు?

చేతిలో సెల్లు మోగుతూ ఉండాలంటే కనీసం ఎంత ఖర్చు పెట్టాలి? 2018 చివర్లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా కనీస రీఛార్జి నిబంధన తెచ్చినప్పుడు ఈ ప్రశ్నకు జవాబు 28 రోజులకు 35 రూపాయలు. 2024 జులైలో ధరలు పెరిగాక ఎయిర్‌టెల్‌లో అదే 28 రోజులకు 199 రూపాయలు. మరోవైపు 2014లో సగటున 269 రూపాయలున్న ఒక జీబీ డేటా పది రూపాయల చుట్టుపక్కలకు దిగివచ్చింది. డేటా చవకగా దొరికే దేశాల్లో మనది ఒకటని గర్వంగా చెప్పుకుంటున్నాం. ఆ మాట నిజమే. అయితే డేటాతో పనే లేని మనిషికి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని నాలుగు మాటలు మాట్లాడుకుంటే చాలనుకునే మనిషికి, ఫోను ఉంచుకోవడమే భారమైపోయింది. అప్పటి 35 రూపాయల్లో మాటలకు నిమిషాల లెక్క ఉండేది, ఇప్పటి 199లో అపరిమిత కాల్స్‌తో పాటు 2 జీబీ నెట్ కూడా ఉంది కదా అని కంపెనీలు అంటాయి. అదీ నిజమే. అడగని వస్తువును కూడా సంచిలో వేసి లెక్క కట్టడం న్యాయమా అన్నదే మన ప్రశ్న.

ఈ దేశంలో మొదటి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జులై 31న జరిగింది. కలకత్తా నుంచి జ్యోతిబసు, ఢిల్లీలో కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ రోజుల్లో ఫోను చేసినవారికే కాదు, ఎత్తినవారికీ బిల్లు పడేది. 2003లో ఆ బాధ తప్పింది. 2006 ప్రాంతంలో 999 రూపాయలు కడితే లైఫ్‌టైమ్ ఇన్‌కమింగ్ అన్నారు. పల్లెల్లో చాలామంది పెద్దవాళ్ల చేతికి మొదటిసారి సెల్లు వచ్చింది అప్పుడే. 2009లో సెకన్ల లెక్క వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో మాటలు ఉచితం, డేటాకే ధర అన్న పద్ధతి స్థిరపడింది. అక్కడినుంచి ఫోను అంటే నెట్ అన్నట్టే అయిపోయింది. మాటలు మాత్రమే కావాలనుకునేవాళ్లు కంపెనీల లెక్కల్లోంచి మెల్లగా జారిపోయారు.

మనం ఫోను కొనేటప్పుడు పోల్చి చూడకుండా కొనం. నలుగురిని అడుగుతాం, రెండు మూడు కొట్లు తిరుగుతాం, వీడియోలు చూస్తాం. అయితే దేన్ని దేనితో పోల్చాలో నిర్ణయించేది మనం కాదు, అమ్మేవాళ్లు. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, ర్యామ్ ఎంత అన్నవి డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉంటాయి. భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారన్నది ఏ మూలో ఉంటుంది. ఖరీదైన ఫోన్లకు ఏడేళ్లు ఇస్తామని 2023లో గూగుల్, 2024లో శామ్‌సంగ్ ప్రకటించాయి. పన్నెండు, పదిహేను వేలు పెట్టేవారికి ఆ భరోసా అరుదు. అదే ఫోన్లో బ్యాంకు ఖాతా, పింఛను సొమ్ము, ఫోన్‌పే అన్నీ పెట్టుకునే మనిషికి కెమెరా కంటే ఆ అప్‌డేట్లే ముఖ్యం. 2020 ఫిబ్రవరిలోనే 5జీ ఫోన్లు మన బజార్లోకి వచ్చాయి. దేశంలో 5జీ సేవ మొదలైంది 2022 అక్టోబరు 1న. రెండున్నరేళ్ల పాటు జనం లేని సేవకు ధర చెల్లించారు. సేవ వచ్చాక కూడా చాలా ఫోన్లు కంపెనీ అప్‌డేట్ పంపేదాకా ఆ సిగ్నల్ అందుకోలేకపోయాయి.

ఇక వేగం. ప్రకటనల్లో చెప్పేవి మెగాబిట్లు, ప్యాకులో ఇచ్చేవి గిగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఆ లెక్కన 100 ఎంబీపీఎస్ (సెకనుకు వంద మెగాబిట్లు) వేగమంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు. ఆ వేగంతో ఆగకుండా డౌన్‌లోడ్ చేస్తే రోజుకు ఇచ్చే ఒకటిన్నర జీబీ రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. తర్వాత వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ స్థితిలో మూడు మెగాబైట్ల ఫొటో ఒకటి రావాలంటే ఆరు నిమిషాలు దాటుతుంది. అపరిమిత 5జీ ఇస్తున్నాం కదా అంటారు. అది ఖరీదైన ప్యాకులకు, అదీ 5జీ అందే చోటే. యూట్యూబ్ హెచ్‌డీ వీడియో ఆగకుండా నడవాలంటే 5 ఎంబీపీఎస్ చాలు. మామూలు కుటుంబానికి కావలసింది వందల వేగం కాదు, సాయంత్రం ఏడు గంటలకు ఊరంతా నెట్ మీద పడినప్పుడు కూడా తగ్గని ఆ ఐదు. టవరు సామర్థ్యాన్ని అందరూ పంచుకోవాల్సిందే కాబట్టి పెళ్లిళ్ల రోజున, జాతర రోజున, పరీక్షా ఫలితాల రోజున సిగ్నల్ గడులు నిండుగా ఉన్నా పేజీ తెరుచుకోదు.

వేగాల సగటుల్లో ఇంకో చిక్కు ఉంది. రాష్ట్రాలు రెండై పదేళ్లు దాటినా టెలికం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. మాదాపూర్‌లో పరుగెత్తే నెట్టూ, పాడేరు పైన కొండ వాలులో మూలిగే నెట్టూ ఒకే సగటులో కలిసిపోతాయి. ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరును 2023 జనవరి నుంచి దేశమంతటా యాప్‌లో ఫొటో తీసి నమోదు చేయడం తప్పనిసరి చేశారు. ఆ ఫొటో ఎక్కేది అప్‌లోడ్ వేగం మీద. ఏ ప్రకటనలోనూ ఆ అంకె కనిపించదు. ఫొటో ఎక్కకపోతే హాజరు పడదు, హాజరు పడకపోతే ఆ రోజు కూలి సంగతి సందేహమే. ఏజెన్సీ ఊళ్లలో సిగ్నల్ కోసం గుట్టెక్కే, హాజరు వేసే మేట్లకు సర్కిల్ సగటు ఏం చెబుతుంది? టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ తన వెబ్‌సైట్‌లో ఎక్కడెక్కడ 2జీ, 4జీ, 5జీ అందుతుందో పటం పెట్టాలి. ఇది మంచి పని. సిమ్ మార్చుకోబోయే ముందు ఆ పటంలో మన ఊరు వెతుక్కోవడం మంచిది. పటంలో ఉన్నదీ మన పెరట్లో ఉన్నదీ ఒకటేనా అని ఇరుగుపొరుగును అడిగి చూసుకోవడం ఇంకా మంచిది.

ధరల దగ్గరికొస్తే లెక్క మరీ మెలికలు తిరుగుతుంది. 28 రోజుల ప్యాకు వేసేవారు ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు వేయాలి. 299 రూపాయల ప్యాకు తీసుకుంటే ఏడాదికి అయ్యేది 3,887 రూపాయలు. నెల లెక్కన వేసి ఉంటే 3,588తో సరిపోయేది. ఈ గొడవ మీద ఫిర్యాదులు వెళ్లాకే 2022 జనవరిలో ట్రాయ్ 30 రోజుల ప్యాకు ఒకటి, ప్రతినెలా అదే తేదీకి వేసుకునే ప్యాకు ఒకటి కంపెనీలన్నీ ఉంచాలని ఉత్తర్వు ఇచ్చింది. అవి ఉన్నాయి. కొట్లో ఎవరైనా వాటి పేరెత్తగా విన్నారా?

గోదావరి జిల్లాల్లో ఒక బస్టాండు పక్క రీఛార్జి కొట్టు దగ్గర ఈమధ్య కనిపించిన పెద్దావిడ ముఖం కళ్లముందు మెదులుతోంది. డెబ్బై దాటి ఉంటాయి. చేతిలో చిన్న బటన్ ఫోను. వెనక మూత ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంది. బటన్ల మీద అంకెలు చెరిగిపోయాయి. కూతురి నంబరు క్యాలెండరు ముక్క మీద బాల్‌పెన్నుతో రాసి ఆ రబ్బరు బ్యాండు కిందే దోపింది. ఫోను రెండు రోజులుగా మోగడం లేదట.

"ప్యాక్ అయిపోయింది మామ్మా. నూట తొంభై తొమ్మిది అవుద్ది" అన్నాడు కొట్టు కుర్రాడు.

"అంతెందుకు బాబూ, నేనెవరికీ చెయ్యను. మా అమ్మాయి చేస్తే మోగితే చాలు."

"మోగాలన్నా అదే వెయ్యాలి మామ్మా. రెండు జీబీ నెట్ కూడా వస్తది."

ఆవిడ ఫోను వంక, కుర్రాడి వంక చూసి, కొంగు ముడి విప్పింది. కుర్రాడి తప్పేమీ లేదు. అతని ఫోన్లో పైన కనిపించే ప్యాకులే అతను చెప్పాడు. ఆవిడ ఫోనేమో నెట్ రానిది. నెట్ ఎక్కని ఫోనుకు రెండు జీబీ అంటగట్టడాన్ని చవక డేటా అని మనం పిలుచుకుంటున్నాం.

ఆవిడ ఒక్కరే కాదు. దేశంలో సుమారు 15 కోట్ల మంది ఇంకా ఫీచర్ ఫోన్లే వాడుతున్నారన్నది ట్రాయ్ దృష్టికి వచ్చిన సంగతే. అందుకే 2024 డిసెంబరులో వినియోగదారుల రక్షణ నిబంధనలను సవరించి, కాల్స్‌కు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాకు ప్రతి కంపెనీ ఒక్కటైనా పెట్టాలని ఆదేశించింది. ప్రత్యేక ప్యాకుల గరిష్ఠ గడువును 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది. 2025 జనవరిలో ఆ ప్యాకులు వచ్చాయి. జియో మొదట 84 రోజులకు 458 అని, విమర్శలు రాగానే 448కి తగ్గించింది. ఎయిర్‌టెల్ 499 నుంచి 469కి దిగింది. రోజుకు ఐదున్నర రూపాయలు, అటూఇటూగా. 28 రోజులకు 199 కట్టేవారికి రోజుకు ఏడు పైన పడుతుంది. తేడా చిన్నదే అయినా 84 రోజుల్లో ఆ ఇంటి లెక్కలో అది రెండు కేజీల బియ్యానికి సరిపోతుంది.

అయితే ఆ ఆదేశం ఉద్దేశం పూర్తిగా నెరవేరలేదని చెప్పక తప్పదు. అప్పుడు వచ్చిన ప్యాకులు 84 రోజులవి, దాదాపు ఏడాదివి. కొంగున రెండు వందలు ముడేసుకొచ్చిన మనిషి నాలుగు వందల యాభై ఒక్కసారి ఎక్కడ తెస్తుంది? ఉప్పూ పప్పూ పావుకేజీ లెక్కన కొనుక్కునే ఇంట్లో మూడు నెలల ఫోను ఖర్చు ముందే కట్టమనడం దండనే. పెద్దమొత్తం పెట్టగలవారికి చవక, చిల్లరగా కొనేవారికి ఖరీదు. మన బజారులో ఇది పాత కథే. అత్యవసర సేవగా మారిన ఫోనులోనైనా ఈ కథ మార్చాలి. ఆధార్‌కు, బ్యాంకుకు, గ్యాస్ బండకు ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే. గడువు దాటితే మొదట చేసే కాల్ ఆగిపోతుంది, తర్వాత వచ్చే కాల్. ఇంకా ఆలస్యమైతే నంబరే పోతుంది. నంబరు పోయిన ముసలి మనిషి పింఛను కోసం ఎన్ని చోట్ల తిరగాలో గ్రామ సచివాలయం మెట్లెక్కినవారికి తెలుసు.

కంపెనీల వాదన వినకుండా తీర్పు చెప్పడం సబబు కాదు. స్పెక్ట్రమ్ కొనాలి, టవర్లు నిలపాలి, అప్పులు తీర్చాలి. ఒక్కో వాడకందారు మీద వచ్చే ఆదాయం పెరగకపోతే కొత్త నెట్‌వర్కులు రావు. ఈ వాదనలో బలం ఉంది. ఆ భారాన్ని ఎక్కువ వాడేవారి మీద ఎక్కువగా వేయవచ్చు. ఇప్పుడు జరుగుతున్నది తిరగబడ్డ పద్ధతి: వాడనివారే వాడేవారి ఖర్చు మోస్తున్నారు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ 2024 నుంచి ఇంటర్నెట్ కంపెనీలన్నీ, మొబైల్ సంస్థలు సహా, తమ ప్లాన్ పక్కన ఒక లేబుల్ చూపాలని నియమం పెట్టింది. నెల ధర ఎంత, అదనపు రుసుములు ఏమిటి, మామూలుగా వచ్చే డౌన్‌లోడ్, అప్‌లోడ్ వేగాలు ఎంత, డేటా ఎంత, అన్నీ ఒకే నమూనాలో ఉండాలి. ఇక్కడా అలాంటి చీటీ ఒకటి ఉంటే చాలు. రోజుకు పడే ధర, ఏడాదికి పడే ధర, మన మండలంలో మామూలుగా అందే వేగం తెలుగులో చదవగలిగే అక్షరాల్లో ఉంటే రీఛార్జి కొట్టు కుర్రాడే మంచి సలహాదారు అవుతాడు.

ఊళ్లో అమ్మానాన్నల ఫోన్లకు హైదరాబాదు నుంచో, బెంగళూరు నుంచో, డాలస్ నుంచో రీఛార్జి చేసే కొడుకులూ కూతుళ్లూ ఉన్నారు. చేతికందిన పెద్ద ప్యాకు వేసేసి నిశ్చింతగా ఉండటం ప్రేమే. ఈసారి వేసేముందు ఒక్క మాట అడగండి: అమ్మా, నువ్వు నెట్ వాడతావా, వాడితే దేనికి, ఇంట్లో ఏ గదిలో సిగ్నల్ అందుతుంది? వాడని పక్షంలో కాల్స్‌కు మాత్రమే ఉన్న ప్యాకు యాప్‌లో అడుగుకంటా వెతికి వేయండి. పక్కింటి ఒంటరి పెద్దావిడకూ ఆ సంగతి చెప్పండి. ట్రాయ్‌ని మేము కోరేది ఒకటే. కాల్స్‌కు మాత్రమే పనికొచ్చే ప్యాకు 84 రోజులకే కాకుండా నెల గడువుతో కూడా తప్పనిసరిగా ఉండాలని, అది ప్రతి కంపెనీ యాప్‌లో, ప్రతి కొట్టు గోడ మీద మొదటి వరసలో కనిపించాలని ఉత్తర్వు ఇవ్వాలి.