వేలు అరిగిన అవ్వదా తప్పు?

రేషన్ అంగడి ముందు బారు కదలకపోతే తిట్టడానికి మనకు వెంటనే ఒక మనిషి దొరుకుతుంది. ఎక్కువసార్లు అది వేలిముద్ర పడని అవ్వ. చెనక్కాయలు ఒలిచి, కలుపు తీసి బొటనవేలి గీతలే అరిగిపోయినాయి. తుడిచి పెట్టు, ఇంకో వేలు పెట్టు అంటారు. వెనక నుంచి ఎవరో "పక్కకు జరుగు అవ్వా" అంటారు. మా తిరుమణి చుట్టుపక్కల 2,050 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది. ఎండను పట్టి కరెంటు చేస్తున్నాం గానీ ముసలి వేలిని గుర్తుపట్టలేకపోతున్నాం!

మా ఇంట్లో నాన్న బారును కన్నడలో 'సాలు' అంటాడు. అమ్మకు సాలు అంటే నాగటి సాలే. పొలంలో సాలు ఒకే తీరుగా సాగుతుంది. అంగడి ముందు సాలు అట్లా సాగదు, ఒక్కొక్కరి పనికి ఒక్కో టైము పడుతుంది కాబట్టి. అసలు చిక్కు అక్కడే ఉంది.

లెక్క చూడండి. గంటకు సగటున 10 మంది, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వస్తారనుకుందాం. అందరికీ సరిగ్గా 5 నిమిషాలే పడితే, తమ వంతు కోసం సగటున పన్నెండున్నర నిమిషాలు ఆగాలి. అదే 10లో 9 మందికి 3 నిమిషాలు, ఒకరికి 23 నిమిషాలు పడితే? సగటు మళ్లీ 5 నిమిషాలే. కానీ ఆగే టైము 30 నిమిషాలు దాటిపోతుంది. జనం పెరగలేదు, అంగడాయన బద్ధకించలేదు. ఆ 23 నిమిషాల పని నడిచేటప్పుడు వచ్చినవాళ్లంతా దాని వెనకే చిక్కుకుంటారు, అంతే. 1930లో పొలాచెక్, 1932లో ఖించిన్ ఈ సూత్రాన్ని లెక్కగట్టి చూపించారు.

అందుకే ఇంకో మెషిన్ కావాలని అరిచే ముందు చేయాల్సింది ఒకటుంది. రెండుసార్లు ముద్ర పడకపోతే అవ్వకు ఫలానా వేళ అని చీటీ రాసివ్వాలి. ఆ వేళకు కుర్చీ వేసి, నిదానంగా చూడాలి. మిగిలిన 9 మందికి అప్పుడు ఆగే టైము సగటున ఒకటిన్నర నిమిషం కూడా ఉండదు.

అవ్వను రెండుసార్లు తిప్పుతావా అని అడుగుతారు. మొదటి నెలే. ఎవరి వేలు పడదో అంగడాయనకు తెలిసిందే కదా, రెండో నెల నుంచి ముందే వేళ చెప్పొచ్చు. ఆ వేళకూ పడకపోతే తెలిసినవాళ్ల సాక్ష్యం రాసుకుని బియ్యం ఇచ్చి పంపాలి. మళ్లీ రేపు రమ్మనకూడదు.